దివ్యాంగుల పింఛను నిలుపుదలకు ముందు నోటీసు, కారణం, అప్పీలు

మేడిపల్లి (జగిత్యాల జిల్లా): సామాజిక భద్రతా పింఛనుల జాబితా నుండి అనర్హులను తొలగించడం ప్రభుత్వ యంత్రాంగం బాధ్యత. ప్రజాధనం అర్హులకే చేరవలెననడంలో రెండో అభిప్రాయానికి తావు లేదు. అయితే అర్హుడైన వ్యక్తి పేరు ఈ పరిశీలనలో తొలగిపోయినచో, ఆ లోపాన్ని సరిదిద్దుకొనే భారం కూడా నడవలేని, చూడలేని, వినలేని ఆ వ్యక్తి మీదనే పడుతున్నది. అందుచేత పింఛను మొత్తం ఎంత అన్నది ఎంత ముఖ్యమో, దానిని ఏ పద్ధతిలో నిలుపుదల చేస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం. చట్టంలోని నిబంధనలను, గత అనుభవాలను పాత్రికేయులు, అధికారుల అవగాహన కొరకు ఈ క్రింద వివరించడమైనది.

మండలం నుండి జిల్లా కేంద్రం వరకు

పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఉన్న మేడిపల్లి మండలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల జిల్లాలో చేరింది. శాసనసభ పరంగా ఈ మండలం వేములవాడ నియోజకవర్గంలో ఉన్నది. వేములవాడ పట్టణం రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందినది. కనుక ఇక్కడి దివ్యాంగుడు దరఖాస్తు కొరకు గ్రామ పంచాయతీ కార్యదర్శిని, మండల పరిషత్ అభివృద్ధి అధికారిని కలవాలి. వైద్య పరీక్షకు, సోమవారం నాటి ప్రజావాణిలో ఫిర్యాదుకు జగిత్యాల వెళ్లాలి. శాసనసభ్యునికి విన్నవించుకోవాలంటే పొరుగు జిల్లా వైపు చూడాలి. ఆరోగ్యవంతునికి ఇది ఒక పూట పని. చక్రాల కుర్చీ మీద ఉన్నవారికి తోడు మనిషి ఒక రోజు కూలి వదులుకొని, ఆటో మాట్లాడుకొని వెళ్లవలసిన పని.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో మహిళలకు బీడీల తయారీ ప్రధాన జీవనాధారాలలో ఒకటి. అనేక కుటుంబాలలో మగవారు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లారు. ఇటువంటి ఇళ్లలో దివ్యాంగులైన పిల్లల, పెద్దల సంరక్షణ బీడీలు చుట్టే తల్లి లేదా భార్య మీదనే ఆధారపడి ఉంటుంది. నెలనెలా చేతికి వచ్చే పింఛను ఆ ఇంటి బియ్యానికి, మందులకు, ప్రయాణ ఖర్చులకు ఆధారం. అది రెండు నెలలు ఆగిపోయినచో, ఆ తర్వాత బకాయి చెల్లించినా, ఈ లోపు చేసిన అప్పు మిగిలే ఉంటుంది.

పింఛను మొత్తాలు

రాజ్యాంగంలోని 41వ అధికరణం వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం సందర్భాలలో ప్రభుత్వ సహాయాన్ని ఆదేశిక సూత్రంగా పేర్కొన్నది. ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 9వ అంశం దివ్యాంగులకు సహాయాన్ని రాష్ట్రాల పరిధిలో ఉంచింది. కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని ప్రారంభించి, 2009లో ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకాన్ని అందులో చేర్చింది. దీని కింద కేంద్రం వాటా 2012 నుండి నెలకు రూ.300. అది కూడా 80 శాతం, అంతకు మించిన వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వయోజనులకు మాత్రమే వర్తిస్తుంది.

తెలంగాణలో ఆసరా పింఛను పథకం 2014 నవంబరు 8న మొదలైంది. వృద్ధులు, వితంతువులు మొదలైన వారికి రూ.1,000, దివ్యాంగులకు రూ.1,500గా నిర్ణయించారు. 2015లో బీడీ కార్మికులను కూడా పథకంలో చేర్చారు. 2019 జూన్ నుండి ఈ మొత్తాలు రూ.2,016, రూ.3,016 అయినవి. దివ్యాంగుల పింఛనును 2023 జూలై నుండి రూ.4,016కు పెంచారు.

దివ్యాంగుల పింఛనుకు ఆసరా మార్గదర్శకాలు కనీసం 40 శాతం వైకల్యాన్ని, వినికిడి లోపం విషయంలో 51 శాతాన్ని అర్హతగా నిర్దేశించినవి. కేంద్రం వాటా 80 శాతం దాటిన వారికే పరిమితం కనుక 40 నుండి 79 శాతం మధ్య ఉన్నవారి పింఛను భారమంతా రాష్ట్ర ఖజానాదే. పొదుపు ఆలోచన వచ్చినప్పుడల్లా పరిశీలకుల దృష్టి ఈ వర్గం మీదనే నిలవడానికి ఇది ఒక కారణం.

చట్టం ఏమి చెబుతున్నది

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. తదనుగుణంగా వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. పింఛను విషయంలో ఇందులోని మూడు సెక్షన్లు ముఖ్యమైనవి.

మొదటిది 24వ సెక్షను. సామాజిక భద్రతా పథకాలలో దివ్యాంగులకు ఇచ్చే సహాయం, అటువంటి పథకాల కింద ఇతరులకు ఇచ్చే దాని కంటే కనీసం 25 శాతం అధికంగా ఉండవలెనని ఇది నిర్దేశిస్తున్నది. వైకల్యం వల్ల మందులు, ఉపకరణాలు, తోడు మనిషి, ప్రయాణం వంటి అదనపు ఖర్చులు తప్పవని గుర్తించిన నిబంధన ఇది. తెలంగాణలో 2014 నుండి నిర్ణయించిన మొత్తాలు ఈ కొలతకు సరిపోతున్నవి. కేంద్రం వాటాలో మాత్రం వితంతు పింఛను, దివ్యాంగుల పింఛను రెండూ రూ.300గానే నిర్ణయమైనవి.

రెండవది 58వ సెక్షను. వైకల్య ధ్రువపత్రం జారీ చేసే విధానాన్ని ఇది వివరిస్తున్నది. ఈ ధ్రువపత్రం దేశమంతటా చెల్లుబాటవుతుంది. 2017 నియమావళి ప్రకారం వైకల్యంలో మార్పుకు అవకాశం లేనప్పుడు శాశ్వత ధ్రువపత్రం ఇవ్వాలి. మార్పుకు అవకాశం ఉన్నప్పుడు గడువును పేర్కొనాలి. దరఖాస్తును తిరస్కరించినచో కారణాలను లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

మూడవది 59వ సెక్షను. ధ్రువపత్రం విషయంలో తీసుకున్న నిర్ణయంతో విభేదించే వ్యక్తి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చును. కారణం తెలియజేయకుండా అప్పీలు హక్కు ఇవ్వడం వల్ల ప్రయోజనం ఉండదు. దేనిని ఖండించాలో తెలియని మనిషి ఏమని అప్పీలు చేసుకోగలడు?

శాతం మారితే మోసం జరిగినట్లేనా?

పాత ధ్రువపత్రంలో 45 శాతం, కొత్త పరీక్షలో 35 శాతం నమోదైనప్పుడు మొదటిది నకిలీదని భావించడం పరిపాటి అయినది. నకిలీ పత్రాలు లేకపోలేదు. అయితే తేడాకు ఇతర కారణాలు కూడా ఉంటవి. వైకల్య శాతాన్ని లెక్కించే కేంద్ర మార్గదర్శకాలు 2001లో ఒక విధంగా ఉన్నవి. 2018 జనవరిలో వాటి స్థానంలో కొత్తవి వచ్చినవి. 2024 మార్చిలో తిరిగి సవరించారు. శరీరంలో ఏ మార్పు లేకపోయినా, కొలిచే పద్ధతి మారినప్పుడు అంకె మారవచ్చును.

ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవారి విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మార్గదర్శకాల ప్రకారం రెండు శాతాలను నేరుగా కూడరు. ఎక్కువ శాతాన్ని 90 నుండి తీసివేసి, వచ్చిన దానిని తక్కువ శాతంతో గుణించి, 90తో భాగించి, ఆ ఫలితాన్ని ఎక్కువ శాతానికి కలుపుతారు. ఉదాహరణకు ఒక వ్యక్తికి కాలి లోపం 30 శాతం, చూపు లోపం 20 శాతం అనుకొందము. ఈ లెక్కన మొత్తం సుమారు 43 శాతం అవుతుంది. ఎముకల వైద్యుడు ఒక్కరే పరీక్షించి 30 అని నమోదు చేసినచో ఆ వ్యక్తి అనర్హుడు. కంటి వైద్యుడు కూడా పరీక్షించినచో అర్హుడు. ఉన్న వైకల్యాలన్నీ నమోదు అయినవా లేదా అన్నది పరిశీలించకుండా తొలగింపు ఉత్తర్వు ఇవ్వడం సబబు కాదు.

పైగా ఇక్కడ ఒక్క శాతం తేడా స్వల్పమైనది కాదు. 40 శాతం నమోదైన వ్యక్తికి రూ.4,016 చొప్పున ఏడాదికి రూ.48,192 అందుతుంది. 39 శాతం నమోదైన వ్యక్తికి ఏమీ అందదు.

గత అనుభవాలు

2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వే అనంతరం తెలంగాణలో పింఛనులకు కొత్తగా దరఖాస్తులు స్వీకరించి అర్హతలను పరిశీలించారు. ఆ క్రమంలో అర్హుల పేర్లు కూడా తొలగినవన్న ఫిర్యాదులు, నిరసనలు వచ్చినవి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దివ్యాంగుల పింఛను రూ.6,000కు పెరిగింది. 2025 జనవరి నుండి వైద్య బృందాలతో పునఃపరిశీలన జరిపారు. ఆగస్టులో లక్షకు పైగా పింఛనుదారులకు నోటీసులు వెళ్లినవి. పలుచోట్ల నిరసనలు వ్యక్తం కాగా, నోటీసు అందుకున్నవారికి అప్పీలు అవకాశం కల్పించి, ఆ లోపు పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఇతర దేశాలలో కూడా ఇదే చర్చ సాగింది. బ్రిటన్‌లో దివ్యాంగుల భత్యానికి అర్హతను కఠినం చేసే ప్రతిపాదనను అక్కడి ప్రభుత్వం 2025 జూలై 1న, అధికార పక్ష సభ్యుల అభ్యంతరాల నేపథ్యంలో, బిల్లు నుండి ఉపసంహరించుకున్నది. ముందుగా దివ్యాంగులతో కలిసి సమీక్ష జరిపి, ఆ తర్వాతనే మార్పులు చేయాలన్న నిర్ణయానికి వచ్చింది.

ఈ సందర్భాలన్నింటిలోనూ అభ్యంతరం పరిశీలన మీద వచ్చినది కాదు. ముందు సహాయాన్ని నిలిపి లేదా తగ్గించి, తర్వాత విచారిద్దామన్న క్రమం మీద వచ్చినది.

గుర్తింపు పరీక్షలో అడ్డంకులు

వైద్య పరీక్ష ఒక్కటే కాదు, ప్రతి నెలా చెల్లింపు సమయంలో జరిగే గుర్తింపు కూడా కొందరికి అవరోధం అవుతున్నది. కుష్ఠు వ్యాధి వల్ల వేళ్లు కోల్పోయినవారికి వేలిముద్ర పడదు. యాసిడ్ దాడికి గురైనవారు కన్ను ఆర్పి చూపలేరు. ఈ రెండవ సమస్య మీద 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలను పొందగలగడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ప్రత్యామ్నాయ గుర్తింపు పద్ధతులు కల్పించవలెనని ఆదేశించింది. యంత్రం గుర్తించలేదన్నది పింఛనుదారుడు లేడనడానికి రుజువు కాదు.

పాటించవలసిన క్రమం

పై నిబంధనలను, సహజ న్యాయసూత్రాలను దృష్టిలో ఉంచుకొన్నచో క్షేత్రస్థాయి అధికారులు ఈ క్రింది క్రమాన్ని పాటించడం సముచితం.

1. పునఃపరిశీలనకు పిలిచే నోటీసును తెలుగులో, తగిన గడువుతో, స్వయంగా అందజేయాలి. చదవలేని, వినలేని, అర్థం చేసుకోలేని వారి విషయంలో సంరక్షకునికి వివరించాలి.

2. మంచం పట్టినవారిని జిల్లా కేంద్రానికి రప్పించకుండా ఇంటి వద్ద లేదా మండల కేంద్రంలో పరీక్షకు ఏర్పాటు చేయాలి.

3. శాశ్వత ధ్రువపత్రం ఉన్నవారిని తిరిగి పిలిచినప్పుడు అందుకు గల ప్రత్యేక కారణాన్ని నోటీసులో పేర్కొనాలి.

4. శాతం తగ్గినచో ఏ మార్గదర్శకం ప్రకారం, ఏ కొలతల ఆధారంగా తగ్గిందో లిఖితపూర్వకంగా ఇవ్వాలి. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజులలో చేసుకోవాలో అదే పత్రంలో తెలపాలి.

5. అప్పీలు పరిష్కారమయ్యే వరకు పింఛను కొనసాగించాలి.

6. పొరపాటున నిలిపివేసినట్లు తేలినచో బకాయితో సహా పునరుద్ధరించాలి.

ఐదవ అంశం వల్ల కొందరు అనర్హులకు మరికొన్ని నెలలు పింఛను అందవచ్చునన్న వాదన ఉన్నది. అది నిజమే. ఆ నష్టం ఖజానాకు కొన్ని వేల రూపాయలు. అర్హునికి నిలిపివేసినచో కలిగే నష్టం మందులు, భోజనం. రెండు నష్టాలలో ఏది భరించగలిగినదో నిర్ణయించడమే పాలకుల కరుణకు అసలైన కొలమానం.

పాత్రికేయులు కూడా తొలగింపుల వార్తలలో ఎంతమంది పేర్లు తొలగించారన్న అంకెతో ఆగకుండా, వారిలో ఎందరికి ముందుగా నోటీసు అందింది, ఎందరికి కారణం తెలిపారు, ఎందరు అప్పీలు చేసుకున్నారు, ఎందరి పేర్లు తిరిగి చేరినవి అన్న వివరాలను కూడా సేకరించినచో వాస్తవ స్థితి ప్రజలకు తెలియగలదు. ఈ వివరాలను మండలాల వారీగా నమోదు చేసి ఉంచడం అధికారులకు కష్టసాధ్యమైన పని కాదు. తొలగించిన వారిలో పలువురి పేర్లు అప్పీలులో తిరిగి చేరుతున్న మండలంలో లోపం పింఛనుదారులది కాదు, పరిశీలన విధానానిదని గ్రహించి, అక్కడ పరీక్షలను మళ్లీ జరిపించవలసి ఉంటుంది.