పెల్లెట్ స్టవ్‌లో మంట ఉంది, వేడి లేదు: ఫీడ్ పెంచే ముందు ఇవి చూడండి

ఈ వారం ఎపిసోడ్‌లో చలికాలం ఖర్చుల గురించి మాట్లాడుకున్నాం కదా. పెల్లెట్ స్టవ్ సంగతికి అందులో రెండు నిమిషాలే దొరికింది. విన్నవాళ్లలో చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, ఫీడ్ ఐదులో పెట్టినా రూమ్ వేడెక్కట్లేదు, బస్తాలు మాత్రం అయిపోతున్నాయి. ఏం చెయ్యాలి?" న్యూ హాంప్‌షైర్‌లో అద్దె ఇంట్లో నాకిది నాలుగో చలికాలం. మా ఇంట్లోనూ ఈ స్టవ్వే.

ముందు లెక్క చూద్దాం. ఒక పౌండు చెక్క పెల్లెట్లలో సుమారు 8,000 బీటీయూల వేడి ఉంటుంది. గంటకు రెండు పౌండ్లు కాలితే 40 పౌండ్ల బస్తా 20 గంటలు వస్తుంది, గంటకు 16,000 బీటీయూలు పుడతాయి. అందులో కొంత పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ పోయేది తగ్గించడమే మన పని.

పైన హాపర్‌లో పెల్లెట్లు ఉంటాయి. కింద ఆగర్ అనే మెలికల కడ్డీ కొన్ని సెకన్లు తిరిగి, కొన్ని సెకన్లు ఆగుతూ వాటిని బర్న్ పాట్‌లోకి తోస్తుంది. ఫీడ్ పెంచితే అది తిరిగే టైమ్ పెరుగుతుంది, అంతే. గాలి అందకపోతే ఎక్కువ పడిన పెల్లెట్లు సరిగ్గా కాలవు. మంట పొడుగ్గా, బద్ధకంగా, నారింజ రంగులో ఊగుతూ, అద్దం నల్లబడుతుంటే గాలి చాలట్లేదని అర్థం. బాగా కాలే మంట పొట్టిగా, చురుగ్గా, పసుపు రంగులో మెరుస్తుంది.

మన ఊళ్లలో రంపపు పొట్టు పొయ్యి చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. మధ్యలో సీసా నిలబెట్టి పొట్టు దట్టించి, సీసా తీసేస్తే గాలికి దారి. ఆ దారి కూలిందంటే ఇల్లంతా పొగే!

అందుకే ఫీడ్ బటన్ జోలికి వెళ్లకముందు స్టవ్ ఆపి, పూర్తిగా చల్లారాక శుభ్రం చెయ్యండి. బర్న్ పాట్ రంధ్రాల్లో బూడిద చిట్టెంలా గట్టిపడి ఉంటుంది, గీకెయ్యండి. తర్వాత వేడిని గదిలోకిచ్చే హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాలు. వాటి మీద బూడిద పొర పేరుకుంటే మంట ఎంత ఉన్నా వేడి పొగతోపాటే పోతుంది. నా లెక్కలో ఎక్కువ తేడా కనిపించేది ఇక్కడే. తలుపు రబ్బరులా కనిపించే గాస్కెట్ తాడుకి డాలర్ నోటు పరీక్ష చాలు: నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే అక్కడ లీకే.

ఇక ఫీడ్. హాపర్ అడుగున పొడి పేరుకుంటే పెల్లెట్లు జారవు. కొన్ని బస్తాలకోసారి ఖాళీ చేసి పొడి తీసెయ్యండి. పెల్లెట్లు మరీ పొడుగ్గా ఉన్నా అడ్డంపడి కింద ఖాళీ ఏర్పడుతుంది. బస్తాలు గరాజ్ నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి. తడి తగిలితే ఉబ్బి మళ్లీ పొట్టయిపోతాయి, ఆగర్‌లో ఇరుక్కుంటాయి.

హాపర్ నిండా ఉన్నా ఆగర్ తిరగకపోతే, చాలా మోడళ్లలో వాక్యూమ్ స్విచ్ దాన్ని ఆపి ఉండొచ్చు. తలుపు సరిగ్గా పడకపోయినా, పొగగొట్టం పూడుకున్నా అది ఆపేస్తుంది. వైరు కలిపి ఆ స్విచ్‌ని దాటించే చిట్కాలు ఎవరైనా చెప్తే వినొద్దు. పొగ లోపలికి తన్నితే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, బేస్‌మెంట్‌లో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నవాడికి తెలియను కూడా తెలియదు. ప్రతి అంతస్తులోనూ, పడుకునే చోటా అలారం ఉండాలి. పొగగొట్టం క్లీనింగ్ గురించి ఇంటి ఓనర్‌కి నోటితో కాదు, మెసేజ్‌లో అడగండి, రికార్డ్ ఉంటుంది.

తీసిన బూడిద మూతున్న ఇనప డబ్బాలో వేసి ఇంటికి దూరంగా పెట్టండి, చెక్క డెక్ మీద వద్దు. నిప్పు రోజుల తరబడి దాగి ఉంటుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ అస్సలు వాడొద్దు.

ఇవన్నీ అయ్యాక ఫీడ్ మూడులో పెట్టి అరగంట మంట చూడండి. చురుగ్గా ఉంటేనే నాలుగుకి వెళ్లండి.