వ్యవసాయ మోటార్లకు ఓవర్‌లోడ్ రిలే అమరిక: నేమ్‌ప్లేటే ప్రమాణం

కోనసీమలోని ఐనవిల్లి మండలం గోదావరి కాలువల కింద వరి, కొబ్బరి సాగయ్యే ప్రాంతం. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఫిల్టరు పాయింట్లపై నడిచే విద్యుత్ మోటార్లే తోటలకు ఆధారం. అప్పుడు మోటారు కాలిపోతే వైండింగ్ ఖర్చుతోపాటు తోటకు తడులు కూడా తప్పుతాయి. ఈ నష్టాన్ని నివారించేది స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే. దాని డయల్ సరైన విలువ వద్ద ఉన్నప్పుడే ఆ రక్షణ లభిస్తుంది.

ఫ్యూజు, రిలే ఒకే పని చేయవు. షార్ట్ సర్క్యూట్ నుండి రక్షించేది ఫ్యూజు. మోటారు ప్రారంభంలో పూర్తి భారపు కరెంటుకు సుమారు ఆరు రెట్లు తీసుకుంటుంది కనుక, ఆ కొద్ది క్షణాలు తట్టుకొనేలా ఫ్యూజును ఎన్నుకోవాలి. అందువల్ల స్వల్పమైన అధికభారాన్ని ఫ్యూజు గుర్తించలేదు. ఆ బాధ్యత రిలేది.

రిలే డయల్‌ను మోటారు నేమ్‌ప్లేట్‌పై ముద్రించిన పూర్తి భారపు కరెంటు వద్ద ఉంచాలి. ఉదాహరణకు 5 అశ్వశక్తి, 415 వోల్టుల మూడు ఫేజుల మోటారు నేమ్‌ప్లేట్‌పై 7.5 ఆంపియర్లు ఉన్నదనుకొందాం. దీనికి 6 నుండి 10 ఆంపియర్ల శ్రేణి గల రిలేను ఎన్నుకొని, డయల్‌ను 7.5 వద్ద నిలపాలి. ఐఎస్/ఐఇసి 60947-4-1 ప్రమాణం ప్రకారం అమర్చిన విలువకు 1.05 రెట్ల వద్ద రిలే రెండు గంటల లోపు ట్రిప్ కాకూడదు, 1.2 రెట్ల వద్ద రెండు గంటల లోపు ట్రిప్ కావాలి. అంటే ఈ మోటారుకు 9 ఆంపియర్ల వద్ద రక్షణ లభిస్తుంది.

డయల్‌ను 10కి జరిపితే 10.5 ఆంపియర్ల వద్ద కూడా రిలే కదలదు. అది నేమ్‌ప్లేట్ విలువకు 1.4 రెట్లు. వైండింగ్‌లో పుట్టే ఉష్ణం కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది గనుక దాదాపు రెట్టింపవుతుంది.

అమెరికా విద్యుత్ కోడ్ 430.32 విభాగం, సర్వీస్ ఫ్యాక్టర్ 1.15 లేదా అంతకు మించిన మోటార్లకు 125 శాతం, సాధారణ మోటార్లకు 115 శాతం పేర్కొంటుంది. ఇవి ట్రిప్ కావలసిన కరెంటుకు సంబంధించిన పరిమితులు. పైన చెప్పిన ప్రమాణం ప్రకారం తయారైన రిలేలో ఆ వెసులుబాటు ముందే ఇమిడి ఉంది. కనుక డయల్‌పై మరల 25 శాతం కలిపితే రక్షణ సడలుతుంది.

స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే ఉన్న స్థానం గమనించాలి. మోటారు ఫేజు తీగలలో ఉన్నప్పుడు నేమ్‌ప్లేట్ విలువకు 0.58 రెట్లు అమర్చాలి. 15 ఆంపియర్ల మోటారుకు ఇది 8.7 ఆంపియర్లు. లైను తీగలలో ఉన్నప్పుడు పూర్తిగా 15 ఆంపియర్లే.

రిలే పదేపదే ట్రిప్ అయితే డయల్ పెంచడం పరిష్కారం కాదు. మొదట మూడు ఫేజుల వోల్టేజీని, తరువాత క్లాంప్ మీటరుతో ఒక్కొక్క తీగలోని కరెంటును కొలవాలి. వోల్టేజీ తగ్గితే పంపు భారం తగ్గదు గనుక కరెంటు పెరుగుతుంది. నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగిలిన రెండు తీగలలో కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది. రెండూ సవ్యంగా ఉంటే బేరింగులను, పంపులో చేరిన ఇసుకను పరీక్షించాలి.

విస్తరణ సిబ్బంది క్షేత్ర సందర్శనలో నేమ్‌ప్లేట్ విలువను, డయల్ విలువను, నడుస్తున్నప్పటి కరెంటును పక్కపక్కనే రాసి రైతుకు చూపాలి. ఈ మూడు అంకెలలో తేడా కనబడినచోటే మోటారు కాలిపోయే ప్రమాదం పొంచి ఉంటుంది.