రాళ్లు పైకి ప్రాకునా?

విహారయాత్రలో హొగెనకల్ జలపాతమును చూచి వచ్చిన అయిదవ తరగతి బాలుడొకడు, "నీళ్లను చూసి పక్కకు చూస్తే రాళ్లు పైకి పోతున్నాయి, కాని అక్కడే ఉన్నాయి" అని ఇంటిలో చెప్పెనట. పోవుటయేమి, అక్కడనే యుండుటయేమి, ఇది అబద్ధమని తండ్రి కోపించెను. తల్లి భయపడి దిష్టి తీసెను. మరునాడు మాతో చెప్పగా మేమును మొదట నవ్వితిమి. కాని బాలుడు చెప్పినది సత్యమే.

ఇదే వింతను రాబర్ట్ ఆడమ్స్ అను నాతడు స్కాట్లండులోని ఫాయర్స్ జలపాతము వద్ద చూచి 1834వ సంవత్సరమున ప్రకటించెను. పడుచున్న నీటిని కొంతసేపు తదేకముగా చూచి ప్రక్కబండపై దృష్టి నిలుపగా, బండ పైకి లేచుచున్నట్లు తోచెను. కనుగ్రుడ్లు తెలియకుండ నీటివెంట జారుచుండుటయే కారణమని ఆయన తలంచెను. ఆ యూహ నిలువలేదు. అట్టపై నత్తగుల్లవంటి చుట్టుగీత గీసి, నడుమ గుండుసూది గ్రుచ్చి, మెల్లగా త్రిప్పుచు అరనిమిషము దాని నడిబొడ్డును చూడుడు. గీతలు లోనికి ముడుచుకొనుచున్నట్లు తోచునట్లు త్రిప్పి, పిదప అరచేతిని చూచినచో అది అన్నివైపులకు ఉబ్బుచున్నట్లగపడును. కన్ను ఒక్కమారే అన్నివైపులకు కదలజాలదు గదా!

అసలు కారణము వేరు. చలనమును గుర్తించు నాడీకణములలో కొన్ని క్రిందికి పోవు కదలికకు, కొన్ని పైకి పోవు కదలికకు హెచ్చుగా స్పందించును. నిశ్చలమైన వస్తువును చూచునపుడు ఈ రెండు పక్షములును సరితూగుటచే త్రాసుముల్లు నడుమ నిలుచును. జలపాతమును ఎడతెగక చూచినచో మొదటి పక్షపు స్పందన సన్నగిల్లును. అంతట రాతిని చూడగా ముల్లు రెండవ పక్షమువైపు మొగ్గును. 1963లో బార్లో, హిల్ అను శాస్త్రజ్ఞులు కుందేటి నేత్రపటలమందలి కణములలో ఇట్టి తగ్గుదలను కనుగొనిరి. మనుష్యులలో ఈ పని ముఖ్యముగా మెదడులో జరుగును. ఒక కంటితో మాత్రమే నీటిని చూచి, దానిని మూసి రెండవ కన్ను తెరచినను రాయి కొంత కదలుటయే ఇందుకు గుర్తు.

ఇక తండ్రికి అబద్ధముగా తోచిన మాట. చలనమును, స్థానమును మెదడు చాలవరకు వేర్వేరుగా లెక్కించును. కదలిక లెక్క తప్పినను చోటు లెక్క తప్పదు. కావుననే రాయి పోవుచునే యుండును, ఉన్నచోటు విడువదు. బాలుడు ఈ రెంటిని ఉన్నదున్నట్లు చెప్పెను. మేమైనచో ఒకదానిని దాచియుందుము.

రైలు ఆగినపుడు ప్లాట్‌ఫారము ముందుకు జారుచున్నట్లు తోచుటయు ఇట్టిదే. ఈ భ్రమ సాధారణముగా కొన్ని క్షణములలో పోవును. కంటికి హాని లేదు. అట్లుగాక, ఏ కదలికను చూడకుండగనే వస్తువులు కదలుచున్నవని, తిరుగుచున్నవని బిడ్డ చెప్పినచో, తలనొప్పియో వాంతియో తోడైనచో, వైద్యునికి చూపవలెను. కోపమునకును దిష్టికిని ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: "అంతకు ముందు దేనివంక చూస్తున్నావు నాయనా?"