నూనెను నీట నిలిపెడు బంక

గాజుసీసాలో నీరు పోసి, రెండు చెంచాల నువ్వులనూనె వేసి, మూత బిగించి గట్టిగా కుదిపినచో, లోని ద్రవము క్షణకాలము పాలవలె తెల్లబడును. సీసాను క్రింద పెట్టినంతనే నూనెబిందువులు ఒకదానితో నొకటి కలిసి, పెద్దవై, మీదికి తేలి, మరల వేరుపొరగా నిలుచును.

పాలు కూడ నీటిలో చెదరిన కొవ్వు బిందువులే. అయినను ఆ కొవ్వు నూనెవలె కలిసిపోయి పొరగట్టదు. మీదికి చేరిన మీగడలో సైతము బిందువులు వేరువేరుగనే యుండును. ఏలయన, ప్రతి బిందువును చుట్టి మాంసకృత్తులతో కూడిన సన్నని పొర యొకటి కలదు. మాంసకృత్తు అణువులో కొన్ని భాగములు నూనెను కోరును, కొన్ని నీటిని కోరును. కావున అది రెంటికిని నడుమ సరిహద్దున కావలి కాయును. ఇట్టి మిశ్రమమునకు ఎమల్షన్ అని పేరు.

అయితే ఈ కావలికి పులుపు గిట్టదు. కాగిన పాలలో నిమ్మరసము పిండినచో అవి విరుగుట ప్రతి యింటను ఎరిగినదే. మరి నారింజ పానీయముల సంగతి యేమి? వానికి సువాసన నిచ్చునది నారింజతొక్కలోని నూనె, పానీయమో పుల్లనిది. పాలలోని మాంసకృత్తు అచ్చట ఒంటరిగా నిలువజాలదు.

ఈ చిక్కును విప్పినది ఒక ఆఫ్రికా ముండ్లచెట్టు. సూడాన్ దేశమున, ముఖ్యముగా కొర్డొఫాన్ ప్రాంతమున పెరుగు ఈ చెట్టు మన నల్లతుమ్మకు జ్ఞాతి. అచ్చటివారు దీనిని హషాబ్ అందురు. వానలు వెనుకబట్టిన పిమ్మట రైతులు కొమ్మల బెరడును సన్నని పట్టెగా ఒలుచుదురు. కొన్ని వారములకు ఆ గాయమున బంక ఉండకట్టును. దానిని చేతితోనే ఏరుదురు.

ఈ బంకలో అధికభాగము బహుశర్కర. అనగా చక్కెర అణువులు కొమ్మలు రెమ్మలుగా అతుకుకొని యేర్పడిన పెద్ద అణువు. మాంసకృత్తు నూటికి ఇంచుమించు 2 పాళ్లు మాత్రమే. ఆ స్వల్పభాగమే కీలకము! అది నూనెబిందువును అంటిపట్టుకొనును. దానికి తగులుకొనియున్న చక్కెరకొమ్మలు నీటిలోనికి గుబురుగా చాచుకొని, మరియొక బిందువును దరిజేరనీయవు. వానికి పులుపు భయము లేదు. మాంసకృత్తును ఎంజైములతో విరుగగొట్టి చూడగా, నూనెను నిలుపు శక్తి నశించినది. బంకను చాలసేపు మరిగించినను ఆ శక్తి తగ్గును.

బంకకును ఒక లోపము లేకపోలేదు. నూనె యెంతయో ఇంచుమించు బంకయు అంత కావలయును. అందుచే శాస్త్రజ్ఞులు పాల మాంసకృత్తులను బహుశర్కరలతో పొడిగా కలిపి, మితమైన వేడిమిపై జతపరచి, అట్టి కావలినే తయారుచేయ యత్నించుచున్నారు.

1997లో అమెరికా సూడానుపై వాణిజ్యనిషేధము విధించెను. కాని పానీయముల, మిఠాయిల పరిశ్రమలకు ఈ బంక లేనిదే గడువదు. కావున దానికి మాత్రము మినహాయింపు దొరకినది. 2023 ఏప్రిల్‌లో సూడానున అంతర్యుద్ధము చెలరేగి కొర్డొఫానుకును ప్రాకెను. పల్లెలు విడిచిన రైతుల చెట్లు పలుచోట్ల బెరడు ఒలుచువారు లేక నిలిచినవి.