బరువైన కారు, తేలిక కారు

బరువైనది గట్టిది, గట్టిది క్షేమకరము అని లోకుల నమ్మకము. అంబాసిడరు కారు తలుపు మూసినపుడు వచ్చు చప్పుడు విని, "బండి యనిన ఇది; తక్కినవి రేకు డబ్బాలు" అనువారు నేటికిని కలరు. ఈ మాటలో నిజమెంత?

అంబాసిడరు, బ్రిటనులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారునుండి పుట్టినది. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1950 దశాబ్ది చివరనుండి 2014 వరకు తయారయినది. మారుతి 800 కారు 1983లో గుర్గావ్‌లో వెలువడెను. దాని తయారీయు 2014లోనే ముగిసెను. మొదటిదాని బరువు సుమారు 1100 కిలోలు; రెండవదాని బరువు సుమారు 650 కిలోలు.

ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున నలుగురు ఎక్కిరనుకొందము. అంబాసిడరులో ఇంజను కదిలింపవలసిన మొత్తము 1380 కిలోలు. అందులో మనుష్యుల పాలు అయిదవ వంతు మాత్రమే. మారుతిలో మొత్తము 930 కిలోలు. మనుష్యుల పాలు దాదాపు మూడవ వంతు. బండి ఆగి బయలుదేరినప్పుడెల్ల ఇనుమును కదిలించుటకును పెట్రోలు ఖర్చగును గదా!

ఈ బరువు ఎట్లు తగ్గినది? అంబాసిడరులో ఇంజను ముందు, దానిచే తిరుగు చక్రములు వెనుక. శక్తి ఒక పొడవైన ఇనుపకడ్డీ ద్వారా వెనుక ఇరుసును చేరును. అచ్చట పళ్లచక్రములు దానిని 90 డిగ్రీలు మళ్లించును. మారుతిలో 796 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజనును అడ్డముగా అమర్చి, ముందు చక్రములనే తిప్పిరి. పొడవైన కడ్డీ, శక్తిని మళ్లించు బరువైన వెనుక ఇరుసు అక్కరలేకపోయినవి. మనుష్యులకు చోటు మిగిలినది. 1959లో బ్రిటనులో వెలువడిన మినీ కారు ఈ అమరికకు ప్రసిద్ధి తెచ్చినది.

ఇక క్షేమము మాట. ఈ రెండు కార్లు గంటకు 50 కిలోమీటర్ల వేగముతో ఎదురెదురుగా ఢీకొని అతుక్కొనిపోయినవనుకొందము. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రము ననుసరించి, రెండును బరువైన కారు పోవుచున్న దిశలో సుమారు 13 కిలోమీటర్ల వేగముతో సాగును. అనగా అంబాసిడరు వేగములో మార్పు 37. మారుతి వేగములో మార్పు 63. దెబ్బ తేలికదానికే ఎక్కువ. ఇంతవరకు లోకుల మాట నిజమే.

కాని బండి గోడను ఢీకొన్నచో? రెండింటి వేగమును 50 నుండి సున్నకు దిగును. బరువు అప్పుడు ఆదుకొనదు. పైగా బరువైన బండిలో అణచవలసిన శక్తియు ఎక్కువే. ముందుభాగము క్రమముగా నలిగినచో ఆగుటకు కాలము పట్టును, దెబ్బ తగ్గును. నలగని బండి చటుక్కున ఆగును. ఆ తాకిడి లోపలివారి ఎముకలపై పడును. కావున ముందుభాగము నలుగునట్లును, మనుష్యులు కూర్చుండు గది నలగకుండునట్లును నిర్మింపవలెను. 1959లో మెర్సిడెస్ బెంజ్ వారు ఈ పద్ధతిని కార్లలో ప్రవేశపెట్టిరి. బండి తేలికయైనంత మాత్రమున ఈ గుణము రాదు, బరువైనంత మాత్రమునను రాదు. సీటుబెల్టు పెట్టుకొననివానికి అది ఉన్నను అంతగా ఉపకరింపదు.

మన దేశములో కొత్త నమూనా కార్లకు ఎదురుతాకిడి పరీక్ష 2017 అక్టోబరునుండి నిర్బంధమయినది. ఈ రెండు కార్ల తయారీ అప్పటికే ఆగిపోయినది. కారు కొనువాడు తలుపు చప్పుడును గాక, ఆ పరీక్షా ఫలితమును విచారించుట మేలు.