హెచ్.ఐ.వి. గల స్త్రీ - సంతాన నిర్ణయము

హెచ్.ఐ.వి. గల స్త్రీ గర్భవతియైనదని తెలిసినంతనే మన పట్టణములందును పల్లెలందును వినవచ్చు మాట యొక్కటే: "ఈమెకు బిడ్డ లెందుకు?" అత్తవారందురు. పుట్టినింటివారును కన్నీరు తుడుచుకొనుచు నా మాటయే యందురు. ఒక్కొక్క వైద్యశాలలో మందు వ్రాసి యిచ్చువారును అందురు. ఆమె యభిప్రాయ మేమని యడుగువారు మాత్రమరుదు. ఇరువది ముప్పది సంవత్సరముల క్రిందట ఈ మాటకు వైద్యశాస్త్రమున కొంత యాధార ముండెను. నేడా యాధారము తొలగినది. అలవాటు మాత్రము తొలగలేదు. ఆ యలవాటువలన కలుగుచున్న యన్యాయమును గూర్చి కొంత విపులముగా వ్రాయుట మా విధియని తలచుచున్నాము.

మన దేశమున ఈ వ్యాధి మొట్టమొదట 1986లో మదరాసున బయటపడెను. అప్పటికి మందు లేదు. చికిత్స యేమియు జరుగనిచో గర్భమందుగాని, కాన్పునందుగాని, పాలవలనగాని తల్లినుండి బిడ్డకు సోకుట నూటికి 15 మొదలు 45 వరకు నుండును. 1994లో అమెరికా, ఫ్రాన్సు దేశములందు జరిగిన పరిశోధనము జిడోవుడిన్ అను మందును గర్భిణికిని శిశువునకును ఇచ్చినచో ఈ ప్రమాదము మూడింట రెండువంతులు తగ్గునని తేల్చినది. 1999లో యుగాండా పరిశోధకులు నెవిరపిన్ తల్లికొక మాత్ర, బిడ్డకొక మోతాదు చాలునని చూపి పేదదేశములకు దారి యేర్పరచిరి. మన దేశమున 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ఏ.ఆర్.టి. మందులను ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. 2014 మొదలు వ్యాధిగల గర్భిణులందరకును జీవితాంతము మూడు మందుల చికిత్స విధింపబడినది. 2017 మొదలు వ్యాధి తీవ్రతతో నిమిత్తము లేక యందరకును అదియే విధియైనది. ఈ మందులను నియమముగా సేవించు తల్లి బిడ్డకు పాలిచ్చినను సోకు ప్రమాదము నూటికి 5 లోపే. కాన్పునాటికి రక్తమున వైరసు కానరానంతగా నణగియున్నచో కాన్పునందు సోకుట నూటికి ఒకటికి లోపు. క్యూబా 2015లోను, థాయిలాండు 2016లోను, మన పొరుగుననే యున్న శ్రీలంక 2019లోను తల్లినుండి బిడ్డకు వ్యాధి సంక్రమించుటను నిర్మూలించిన దేశములుగా ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తింపును పొందినవి. శ్రీలంకలో రోగుల సంఖ్య స్వల్పమను మాట నిజమే. ఐనను అచ్చట ప్రతి గర్భిణిని వెదకి పరీక్షించిన శ్రద్ధ స్వల్పమైనది కాదు.

దంపతులలో నొకరికే వ్యాధియున్న కుటుంబములను గూర్చియు నిట్టిదే చెప్పవలసియున్నది. 2011లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధనము ముందుగా చికిత్స నారంభించినవారినుండి భాగస్వామికి సోకుట నూటికి 96 వంతులు తగ్గినదని చూపెను. వైరసు పూర్తిగా నణగియున్నవారినుండి దాంపత్యమువలన వ్యాధి సోకదని తరువాతి పరిశోధనములు స్థిరపరచినవి. కాబట్టి ఇట్టి దంపతులు సంతానము కోరిన యెడల వైద్యుడు చేయవలసినది నిషేధించుట కాదు. రక్తపరీక్ష ఫలితమును చూచి, తగిన సమయమును చెప్పుట.

న్యాయస్థానముల దృష్టియు క్రమముగా మారినది. 1998లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పునందు వ్యాధిగ్రస్తుల వివాహహక్కు నిలిచిపోయినట్లుగా వ్రాసినది. ఆ వ్రాత యనవసరమని 2002లో ఆ న్యాయస్థానమే చెప్పినది. వివాహము చేసికొనవచ్చునట, బిడ్డను కనవచ్చునా యనుదానిపై మాత్రము చట్టము చాలకాలము మౌనము వహించెను. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనికి తెచ్చిన హెచ్.ఐ.వి. చట్టము ఆ మౌనమును వీడినది. వ్యాధిగల గర్భిణికి ఆమె తెలిసి యిచ్చిన సమ్మతి లేక గర్భస్రావముగాని, సంతాన నిరోధక శస్త్రచికిత్సగాని చేయరాదు. గర్భఫలితమును గూర్చియు, చికిత్సను గూర్చియు ఆమెకు బోధపరచుట ప్రభుత్వముల బాధ్యత. గర్భమును వద్దనుకొన్న స్త్రీకి 1971 నాటి చట్టము, దాని 2021 సవరణ దారి చూపుచునే యున్నవి. వయస్సు వచ్చిన స్త్రీ విషయమున భర్త సంతకము కూడ అందుల కక్కరలేదు. వద్దనుట ఆమె హక్కు. వద్దనిపించుట యెవరి హక్కును కాదు.

"తెలిసి యిచ్చిన సమ్మతి" యనుచోట మన పాఠకులు కొంచెము నిలువవలెను. వ్రేలిముద్ర సమ్మతియా? ఆఫ్రికాయందలి నమీబియాలో ముగ్గురు స్త్రీలు ఈ ప్రశ్ననే న్యాయస్థానమున కెక్కించిరి. ముగ్గురికిని హెచ్.ఐ.వి. యున్నది. పురిటినొప్పులు పడుచుండగా కాగితములపై సంతకములు తీసికొని, కాన్పుతోపాటు శస్త్రచికిత్సయు జరిపిరని వారి ఫిర్యాదు. 2012లో హైకోర్టును, 2014లో సుప్రీంకోర్టును అది సమ్మతి కాదని తీర్పు చెప్పినవి. వ్యాధి కారణముగనే వారికట్లు చేసిరని మాత్రము న్యాయమూర్తులు తేల్చలేదు. నొప్పులలో నున్న స్త్రీచేత సంతకము చేయించుటయే తప్పునకు చాలునని తలచిరి. దక్షిణ అమెరికాయందలి చిలీ దేశమున 2002లో ఒక స్త్రీకి, కడుపుకోసి బిడ్డను తీయు సమయమున, ఆమె యెరుగకయే శస్త్రచికిత్స చేసిరి. ఇరువది సంవత్సరముల పిమ్మట, 2022లో, ఆ దేశపు ప్రభుత్వ మామెకు క్షమాపణము చెప్పుకొనెను.

ఇవి దూరదేశపు ముచ్చటలని మనము త్రోసివేయవలనుపడదు. కుటుంబ నియంత్రణ మనగా శస్త్రచికిత్స యను భావము తెలుగుదేశమునందు పాతుకొన్నట్లు మరియెచ్చటను పాతుకొనలేదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేననుసరించి ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి 70 మందికి సమీపముగా ఆపరేషను చేయించుకొన్నవారే. తెలంగాణమున 60 మందికి పైబడియున్నారు. దేశమంతటికిని కలిపి చూచిన 38 మందియే. నిరోధ్ వాడు దంపతులు ఆంధ్రప్రదేశమున నూటికొక్కరైనను లేరు. 2014లో ఛత్తీస్‌గఢ్ యందలి బిలాస్‌పూర్ శిబిరమున స్త్రీలు మరణించిన పిమ్మట, 2016లో సుప్రీంకోర్టు ఆపరేషను శిబిరములను మాన్పింపుడని యాజ్ఞాపించెను. శిబిరములు తగ్గినను భావము మారలేదు.

మేము ఆపరేషనును నిందించుట లేదు. బిడ్డలు చాలుననుకొన్న స్త్రీ దానిని కోరిన చేయవలసినదే; వ్యాధియున్నదని నిరాకరించుటయు దోషమే. ఐతే ఆపరేషనైన యింట నిరోధ్ ప్రవేశింపదు. గర్భభయము తీరినపుడు అదెందుకని పురుషుడనును. గర్భము నాపునది వ్యాధి నాపదను సంగతి అతనికెవరును చెప్పరు. ఇక ఇరువది యిరువదిరెండేండ్లకే ఆపరేషనై, పిదప భర్త మరణించి, మరల వివాహమాడదలచిన స్త్రీలున్నారు. బిడ్డను పోగొట్టుకొన్నవారున్నారు. "పరీక్షలో వచ్చినది, ఇక ఆపరేషను చేయించుకొమ్ము" అని ఒక్కమాటతో పంపివేయువారు వీరి గతిని తలపరు.

వైద్యశాలకు వెలుపల జరుగునది మరింత కఠినము. మన పద్ధతిలో గర్భిణికే మొదట పరీక్ష జరుగును. అందుచేత కుటుంబమున వ్యాధి మొట్టమొదట కోడలియందు బయటపడును. తెచ్చినది కోడలేయని లోకము తీర్మానించును. ఆమెకది భర్తవలననే సంక్రమించిన కుటుంబములు లెక్కకు మిక్కిలి. కుమారుని పరీక్షకు పంపుటకు వెనుకాడు పెద్దలు కోడలిని పుట్టింటికి పంపుటకు వెనుకాడరు. భూవసతిగల కుటుంబములందు దీనికి ఆస్తి చిక్కును తోడగును: భర్తపోయిన చిన్నది, బిడ్డలేనిది యైనచో, పొలములో భాగమడుగునేమో యని భయము. 2017 చట్టము వ్యాధిగల వ్యక్తికి కుటుంబగృహమున నివసించు హక్కును స్పష్టముగా నొసగినది. గ్రామపెద్దలు దీనిని తెలిసికొనియుండుట మంచిది.

ఇప్పుడే బిడ్డలు వద్దనుకొన్నవారి సంగతి. నిరోధ్‌కు తోడుగా మరియొక పద్ధతి యుండవలెనని వైద్యుల మతము. కాపర్ టి ఆరోగ్యము నిలకడగానున్న స్త్రీకి నిరపాయము. ప్రభుత్వము 2017లో ప్రవేశపెట్టిన "అంతర" సూదిమందును ఈ స్త్రీలు వాడవచ్చును. క్షయకు వాడు రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గించును. ఈ రెండు వ్యాధులును తరచు కలిసియే వచ్చునుగాన, ఏ మందులు వాడుచున్నదో విచారింపక మాత్రల నిచ్చుట మోసము.

మందుల విషయముననే 2018లో నొక గొప్ప పాఠము జరిగినది. డోలుటెగ్రావిర్ అను మేలైన మందు గర్భారంభమున శిశువు వెన్నునకు లోపము కలిగించునేమోయని బోట్స్వానానుండి యనుమానము వెలువడెను. పలుదేశములు స్త్రీలకు దానిని నిలిపివేయుటకో, గర్భనిరోధకము వాడినగాని యీయకుండుటకో నిశ్చయించినవి. పురుషులకు మాత్రము మంచి మందు సాగినది. అదే సంవత్సరము రువాండా రాజధాని కిగాలీలో సమావేశమైన ఆఫ్రికా స్త్రీలు, లాభనష్టములను మాకు తెలుపుడు, తూచుకొనువారము మేమేయని యడిగిరి. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మందును స్త్రీలకును సిఫారసు చేసినది. అనుమానము క్రమముగా వీగిపోయినది. నేడు మన ఏ.ఆర్.టి. కేంద్రములందు ముఖ్యముగా నిచ్చుచున్నది ఆ మందుతో కూడిన మాత్రయే.

ప్రభుత్వపు 2023 అంచనాలో వ్యాధిగ్రస్తులు 25 లక్షలకు పైబడిరి. పదింట నాలుగువంతులకు మించి స్త్రీలు. సంఖ్యలో మహారాష్ట్రమునకు తరువాతది ఆంధ్రప్రదేశము. ఇంతమంది స్త్రీలకు ఏ.ఆర్.టి. కేంద్రమొకచోట, కుటుంబ నియంత్రణ గది యింకొకచోట, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు పరీక్ష మరియొకచోట నుండుట యెందుకు? ఈ క్యాన్సరు వీరికితరులకంటె ఆరురెట్లు హెచ్చుగా వచ్చును. 25వ యేటినుండియే పరీక్షింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. ఒక గదిలో చెప్పుకొన్న రహస్యమును మరియొక గదిలో క్రొత్తవారికి మరల చెప్పుకొనుటకు జంకి యెందరో రెండవ గది గడప త్రొక్కరు. ఆమె మందులకై కేంద్రమునకు ఎట్లైనను వచ్చును. "అంతర" సూదిమందు మూడు నెలలకొకసారి. బిడ్డకావలెనా, వద్దా, ఎప్పుడు కావలెనని అచ్చటి సలహాదారు అడిగి, ఆ దినముననే, ఆ చోటనే, భర్తయు అత్తగారును ఎదుట లేనివేళ, కావలసినది యిప్పించు నేర్పాటు గావింపవలెనని రెండు రాష్ట్రముల ఆరోగ్యశాఖలవారిని మేము కోరుచున్నాము. ఇందులకు క్రొత్త భవనములక్కరలేదు. ఒక దాదిని ఆ కేంద్రమునకు వారమునకు రెండుమారులు పంపిన చాలును.