తీగ పట్టుకుని కొండెక్కే బస్సు

బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు డీజిల్ ఇంజన్లు బాగుచేసినవాణ్ణి నేను. కళ్ళు మూసుకుని వింటే చాలు, వచ్చే బండి ఏ గేరులో వుందో, దానికి ఏ జబ్బు చేసిందో చెప్పగలనని కాస్త గర్వం కూడాను. ఆ గర్వం ఎక్కడ దిగిపోయిందంటే, అమెరికాలో సియాటిల్ నగరంలో, ఒక కొండ మీద.

ఆ వూళ్ళో తెలుగువాళ్ళకు కొదవలేదు. మా అమ్మాయీ అల్లుడూ అక్కడే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అమ్మాయి పురుటికి మా ఆవిడతో పాటు నేనూ వెళ్ళాను. వాళ్ళ ఇల్లు క్వీన్ ఆన్ అనే కొండ మీద, బస్సు రోడ్డు పక్కనే. నిట్టనిలువుగా వున్న ఆ రోడ్డు చూడగానే నా గుండె గుభేలుమంది. బరువుతో కొండెక్కే బస్సు ఎట్లా అరుస్తుందో నాకు తెలియదా?

"పసివాడు నిద్రపోవలసిన ఇల్లు. ఇక్కడ కాపురమేమిటే అమ్మాయీ?" అన్నాను.

"నువ్వొచ్చి కూర్చున్నాక నాలుగు బస్సులు పోయాయి నాన్నా. ఒక్కటైనా వినపడిందా?" అంది అమ్మాయి నవ్వుతూ.

వినపడలేదు! చెవుడు వచ్చిందేమోనని భయపడ్డానంటే నమ్మండి.

రెండు గడలు, రెండు తీగలు

మర్నాడు పొద్దున్నే 13వ నంబరు బస్సెక్కి ఆ వింత చూశాను. అది ట్రాలీబస్సు. కప్పు మీద రెండు పొడుగాటి గడలు, రోడ్డు పైన రెండు కరెంటు తీగలు. ట్రాముకు పైన ఒక తీగ చాలు; వచ్చిన కరెంటు ఇనపచక్రాల ద్వారా పట్టాలలోకి దిగి తిరిగిపోతుంది. ఈ బస్సువి రబ్బరు టైర్లు, కరెంటు నేలలోకి దిగే దారిలేదు. అంచేత రావడానికొక తీగ, పోవడానికొక తీగ.

బస్సు కొండ మొదట్లో నిండు జనంతో ఆగింది. మళ్ళీ ఎత్తుకున్నప్పుడు నా కుడికాలు అలవాటుకొద్దీ యాక్సిలరేటరు తొక్కింది. ఆ అవసరమే లేకపోయింది. డీజిల్ ఇంజను ముందు వేగం పుంజుకుంటే గాని బరువు లాగదు. గేర్లు వున్నది అందుకే. విద్యుత్ మోటారుకు కదలకముందే బలమంతా చేతిలో వుంటుంది. కొద్దిసేపు శక్తికి మించి పనిచెయ్యమన్నా చేస్తుంది. కొండ వూరికి ఇంతకన్న ఏం కావాలి?

గిలకబావి కిటుకు

ఈ రోడ్డు నూరడుగులు ముందుకు పోయేసరికి సుమారు 18 అడుగులు పైకి లేస్తుంది. 1940 దాకా దీనిమీద ట్రాములు నడిచేవి. అవి తమంతట తాము ఎక్కలేక, రోడ్డు కింద సొరంగంలో ఒక బరువుబండిని పెట్టి, మోకుతో ట్రాముకు తగిలించేవారట. బరువు కిందికి దిగుతుంటే ట్రాము పైకి లేచేది. మన గిలకబావిలో రెండు చేదలున్నట్టన్నమాట! ఆ ఎక్కుడును ఇప్పటికీ 'కౌంటర్‌బ్యాలన్స్' అనే పిలుస్తారు.

తమాషా ఏమంటే, ఆ కిటుకు ఈనాటి బస్సులోనూ వుంది. కొండ దిగేటప్పుడు మోటారే డైనమోగా మారి, పుట్టిన కరెంటును తీగలోకి పంపుతుంది. ఎదురుగా ఎక్కే బస్సు దాన్ని వాడుకోవచ్చు. మోకు పోయి తీగ వచ్చింది, అంతే.

తీసెయ్యబోయారు

1940 ఏప్రిల్ 28న మొదలైన ఈ బస్సులకు గండాలు తక్కువ కాలేదు. 1963లో చాలా దారుల్లో తీగలు పీకి డీజిల్‌కు అప్పగించారు. మిగిలిన వాటిని 1978లో ఆపి, తీగలు బాగుచేసి, 1979లో మళ్ళీ నడిపించారు. మనదేశంలో బొంబాయి 1962లో ట్రాలీబస్సు మొదలుపెట్టి, 1971లో మానేసింది.

సియాటిల్‌లోనే ఇంకో ముచ్చట. 1990లో వూరి నడుమ బస్సులకోసం సొరంగం తెరిచారు. అందులో డీజిల్ పొగ కూడదని, ఇటలీ కంపెనీ చేత 236 బస్సులు చేయించారు. బయట డీజిల్, లోపల కరెంటు! తరవాత వాటిలో 59 బస్సులకు డీజిల్ ఇంజన్లు పీకేసి, అచ్చమైన ట్రాలీబస్సులుగా మార్చారు. ఆ పని చేసిన మెకానిక్కుల చేతులకు నేను దణ్ణం పెడతాను.

ఆఖరి గండం 2009లో వచ్చింది. తీగబస్సుల బదులు డీజిలూ బ్యాటరీ కలిసిన హైబ్రిడ్ బస్సులు పెడితే ఏటా 87 లక్షల డాలర్లు మిగలవచ్చని లెక్కల తనిఖీవారు రాశారు. వూరు కంగారుపడి తీగలు కొయ్యలేదు. మళ్ళీ లెక్క వేయించింది. తీగదారుల కోసం కేంద్ర ప్రభుత్వమిచ్చే డబ్బు, బస్సు ఆయుర్దాయం, చప్పుడు, పొగ, అన్నీ తీసుకుని చూస్తే, 2011లో తీగబస్సే చవక అని తేలింది. 2015 నుంచి 174 కొత్త బస్సులు వచ్చాయి. వాటికి కరెంటిచ్చే నగర విద్యుత్ సంస్థకు స్కాగిట్ నదిమీద సొంత ఆనకట్టలున్నాయి.

లోపాలు లేకపోలేదు. ముందుబస్సు ఆగితే వెనకది దాన్ని దాటడం కష్టం. మలుపుల్లో ఒక్కొక్కప్పుడు గడ తీగను వదిలేస్తుంది. డ్రైవరు దిగి తాడుతో సర్దుకోవాలి. ఆకాశమంతా సాలెగూడు. కొత్తవాటికి చిన్న బ్యాటరీ వుంది గనక, తీగ లేకుండా కొంతదూరం పోగలవు.

హైదరాబాదులోనూ 2019 నుంచి కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. అవి తమ కరెంటును బ్యాటరీలో మోసుకు తిరుగుతాయి. ఏది మంచిదో పెద్దలు తేల్చుకోవాలి. నేను చెప్పేదొక్కటే: సొరంగంలో పనికిరాని పొగ ఇళ్ళ మధ్య మాత్రం ఎట్లా పనికొస్తుంది? డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పరిశోధనా విభాగం 2012లో తేల్చింది. అది చదివినరోజు, డిపోనుంచి నాతో ఇంటికొచ్చిన దగ్గు గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణం ముందురాత్రి మనవణ్ణి వొళ్ళో వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. దీపాలు వెలిగించుకుని నిండుబస్సు ఒకటి కొండెక్కిపోయింది. వాడు కదల్లేదు.

"ఏమండీ, మీ ఇంజన్లు ఇట్లా వుంటే మన పిల్లలూ హాయిగా నిద్రపోయేవారు కదూ?" అంది మా ఆవిడ.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే.